ఊపని కప్పు

మామా అని పిలిచే అరబ్బు యజమానురాలు, ఆమె ఇంటివాళ్లు పెళ్లికి పోతూ, ఎప్పటిలాగే గేటుకు బయట తాళం వేశారు. సముద్రపు రాయితో కట్టిన ఆ తాతల నాటి ఇంట్లో సుధారాణి ఒక్కతే మిగిలింది. పనిలో చేరి ఇంకా నెల కాలేదు.

రాత్రి ఇషా నమాజు ముగిసి పాత పేట సద్దుమణిగాక, మగవాళ్లు కూర్చునే దివానియాలో కాఫీ కప్పు టక్కుమని మోగింది. అతిథి ఎవరో ఉండిపోయారేమోనని గావా కాఫీ కూజా పట్టుకొని పోయింది. లోపల ఎవరూ లేరు. మూల దిండు ముందు ఖాళీ కప్పు ఉంది.

అలవాటు కొద్దీ కాఫీ పోసింది. తల తిప్పేలోగా ఖాళీ. మళ్లీ పోసింది. మళ్లీ ఖాళీ.

ఇక్కడ చాలనుకున్న అతిథి కప్పును అటూ ఇటూ ఊపుతాడు. అందాకా పోస్తూనే ఉండాలి. ఆ కప్పు ఊగలేదు.

డ్రైవర్ రామసుబ్బయ్యకు ఫోన్ చేసింది.

"అన్నా, దివానియాలో ఎవురో ఉండారు. వచ్చి గేటు తియ్యి, నీ కాళ్లకు మొక్కుతా."

"తాళంచెవి మామా కాడుంది మ్మా." ఆయన గొంతు తగ్గించాడు. "కప్పు ఊపినాడా?"

కప్పు సంగతి ఆమె చెప్పనే లేదు.

"లేదు న్నా."

"అట్లయితే పోస్తానే ఉండు. నీకు ముందున్న పిల్ల మధ్యలో నిలిపేసింది."

"ఆ పిల్లకేమాయె?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

సుధారాణి కూజాను పూర్తిగా వంచింది. ఆఖరి చుక్క కప్పులో పడింది.

"ఊపు సామీ," ఏడుస్తూ బతిమాలింది. "ఒక్కసారి ఊపు."

ఖాళీ కప్పు తివాచీ మీద మెల్లగా ఆమె వైపు జరిగింది.