పోస్టాఫీసు గోడ మీద జనం

గోడ మీద తన బొమ్మ చూసుకుని పోస్టుమాస్టర్ హార్లన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏమయ్యా పెయింటరూ, ముప్పై ఏళ్లు తగ్గించేశావే నాకు! ఇది చూసిందంటే మా ఆవిడ నన్ను మళ్లీ పెళ్లాడుతుంది."

నిచ్చెన మీదున్న ఎమరీ కూడా నవ్వాడు. కిందికి మాత్రం చూడలేదు.

అది 1937. అమెరికా అంతా పనుల్లేక అల్లాడుతోంది. చిత్రకారులు పస్తులుండకూడదని ప్రభుత్వమే ఊరూరా పోస్టాఫీసు గోడల మీద బొమ్మలు వేయిస్తోంది. ఏ ఊళ్లో ఆ ఊరి చరిత్రే వెయ్యాలని షరతు. మిసిసిపీలోని ఈ చిన్న ఊరికి ఎమరీ వచ్చి ఐదు వారాలైంది.

అతను వేస్తున్నది నది ఒడ్డున వేసవి సంబరంలా ఉంది. ఓక్ చెట్టు మొదలు దగ్గర నలభై మంది దాకా ఉన్నారు. ఆదివారం బట్టలు, గడ్డి టోపీలు, నాన్నల భుజాలెక్కిన పిల్లలు. అందరూ తలలెత్తి పైకి చూస్తున్నారు. పైన ఇంకా ఏమీ వెయ్యలేదు, వట్టి సున్నమే.

ఊరు మురిసిపోయింది. పదేళ్లుగా ఒక్క ఉత్తరం రానివాళ్లు కూడా పోస్టాఫీసుకొచ్చి తమని తాము వెతుక్కున్నారు. అందరినీ పడుచువాళ్లని చేసేశాడు, మంచి లౌక్యుడు అని మెచ్చుకున్నారు. పైనేముందని అడిగితే, మీరే గుర్తు చేసుకోండి అనేవాడు ఎమరీ. ఏనాడో సంబరానికి మనుషుల్ని ఎక్కించుకుని ఎగిరే పెద్ద గాలిబుడగ వచ్చింది కదా, అదే అయ్యుంటుందని వాళ్లే తేల్చేశారు.

నేల తుడిచే ముసలి జిల్ఫా ఒక్కతే ఏమీ అనలేదు. నల్లవాళ్లని అక్కడ ఎవరూ అడగరు కూడా. మొదటి రోజు ఆమె ఎమరీ ముఖం వంక, తెలిసిన పోలికేదో కనబడినట్టు, చాలాసేపు చూసింది. ఆ తర్వాత గోడకి వీపు పెట్టే తుడుస్తోంది.

గురువారం మంగలి ఓడెల్ వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు. బొమ్మలో తన ఎడమ చేతికున్న కట్టు చూసి ఆగిపోయాడు. అతని చెయ్యి విరిగింది జన్మలో ఒక్కసారే. ఆ కట్టుతో ఎక్కడ నిలబడ్డాడో బాగా గుర్తే.

"ఈ కట్టు సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ," అన్నాడు ఎమరీ. అది నిజమే.

ఓడెల్ ఒక్కో ముఖాన్నీ మళ్లీ చూశాడు. వెళ్లి హార్లన్ చెవిలో ఏదో చెప్పాడు. సాయంత్రానికి ఆ గోడ దగ్గర నరపురుగు కూడా లేదు. ఊళ్లో ఎమరీని పలకరించేవాళ్లే కరువయ్యారు.

శుక్రవారం పొద్దున్నే ఓడెల్ కబురు పంపాడు, ఉచితంగా గడ్డం గీస్తానని. వెళ్లకపోతే అనుమానం ఖాయమైపోతుంది. ఎమరీ వెళ్లి కుర్చీలో వాలాడు. కొట్లో అప్పటికే ఐదుగురున్నారు. ఒక్కడికీ క్షవరం అవసరం ఉన్నట్టు లేదు. హార్లన్ లేచి తలుపు గడియ పెట్టాడు.

కత్తి గొంతు మీదకొచ్చి ఆగింది.

"రేపు బొమ్మ చూడ్డానికి వాషింగ్టన్ నుంచి పెద్దలొస్తున్నారట," అన్నాడు ఓడెల్ మెల్లగా. "పైన గాలిబుడగ వేసెయ్ నాయనా. ఎర్రగా, పెద్దగా. ఇంకేదైనా కనబడిందనుకో, నువ్వు బస్సెక్కే పనుండదు."

"మీరంతా ఆ రోజు చూసింది బుడగేనా?"

ఓడెల్ మిగతా గడ్డం శ్రద్ధగా గీశాడు, తువ్వాలుతో తుడిచాడు, మంచిదని పంపేశాడు. నవ్వుతూ పంపించే మనిషంటేనే ఎక్కువ భయం వేస్తుంది.

ఎమరీ తిన్నగా పోస్టాఫీసుకొచ్చి తలుపు వేసుకున్నాడు. వెళ్లిపోవాలనే అనిపించింది. పది గంటల బస్సు ఇంకా కదల్లేదు. జిల్ఫా బకెట్టు పక్కన పెట్టి, అడక్కుండానే వచ్చి నిచ్చెన పట్టుకుంది. ఎమరీ పైమెట్టు దాకా ఎక్కాడు.

ఆ నలభై ముఖాలూ అచ్చయి ఉన్న ఫొటో కార్డుని, ముప్పై ఏళ్ల కిందట ఇదే పోస్టాఫీసు ముద్రతో ఎవరో వెక్కిరింతగా, తనకి తెల్లరంగునిచ్చిన అమ్మకి పంపిన కార్డుని, చొక్కా లోపలి జేబులోంచి తీసి చూస్తూ, ఆ జనం ఉరితీసి కొమ్మకి వేలాడదీసిన నల్లటి మనిషిని, తన కన్నతండ్రిని, గీయడం మొదలుపెట్టాడు.