నీల క్షమాపణ

"నీల మోకాళ్ల మీద కూర్చుంది. తప్పయింది, క్షమించండి అని పెద్దల సభకు దండం పెట్టింది. సమాప్తం."

హనుమంతు పుస్తకం మూసి కళ్లద్దాలు తీశాడు. విద్యకు ఒళ్లు మండిపోయింది.

"గిదేం ముగింపు కాకా? ఐదు నెల్ల సంది గిందుకా విన్నం?"

చంద్రపూర్ బాబుపేట్‌లో, ప్రేమలత ఇంటి ముందుగదిలో, ప్రతి ఆదివారం ఈ చదువు జరుగుతుంది. బొగ్గు గనుల పనికి తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలు వాళ్లవి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు మాట్లాడడం అందరికీ వచ్చు, చదవడం ఒక్క హనుమంతుకే వచ్చు. ఆయన చదువుతాడు, మిగతావాళ్లు వింటారు.

ఈసారిది సైన్స్ నవల. ఎక్కడో ఒక గ్రహం, నేల కింద ఒక నగరం. అక్కడి గాలి మీద పెత్తనమంతా పెద్దల సభది. మాట వినని వీధికి గాలి తగ్గిస్తారు. పైన ఆకాశం లేదు, అంతా నిప్పే అని చెప్పేదీ వాళ్లే. ఆకాశం ఉందన్నవాళ్లు ధర్మద్రోహులు. ఉందని అన్నది నీల అనే పిల్ల.

"ముప్పై అధ్యాయాలు ఎవ్వలికీ భయపడని పిల్ల ఆఖర్ల దండం పెడ్తదా?" విద్య ఊరుకోలేదు. "తనే మెట్లెక్కి ఆకాశం సూసొచ్చింది గద!"

"సూస్తే ఏమాయె? రూల్ రూలే," అన్నాడు హనుమంతు. గనిలో ముప్పై ఏళ్లు సర్దారుగా చేసిన మనిషి. ఆయన కట్టెతో పైకప్పు తట్టి చూసి సరే అన్నాకే కార్మికులు లోపలికి అడుగుపెట్టేవారు. "నేను వద్దంటే ఎవ్వడన్న పోయిండా? ఎందుకని అడిగిండా? అడగలే గనుకనే బతికిన్రు. ఏం మల్లేశం?"

ఆయన కింద పనిచేసిన మల్లేశం గొంతు సవరించుకున్నాడు. "గది నిజమే సాబ్. కానీ మీరు మా పానం కోసం వద్దన్నరు. గీ సభోళ్లు వాళ్ల కుర్చీ కోసం వద్దంటున్నరు."

అందరూ నవ్వారు. హనుమంతు నవ్వలేదు.

"నాకైతే అనుమానమే," అంది ప్రేమలత. "మొన్న నీల ప్రేమ ముచ్చట కాడ కాక రెండు పేజీలు ఒక్కపారే తిప్పిండు. నేను సూసిన."

"అవి ఆడోళ్ల ముంగట చదివేటియి కావు," అన్నాడు హనుమంతు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

అంటే, దాటేసే అలవాటు ఉన్నట్టే! విద్య చెయ్యి చాచింది.

"పుస్తకం ఇటియ్యిన్రి."

"ఇస్తే ఏం జేస్తవ్ బిడ్డా? చదువస్తదా?"

విద్య అదే ఊళ్లో, తుకుం అనే పేటలో, ఒక మరాఠీ బడిలో లెక్కల టీచరు. వందలమంది పిల్లలకు భిన్నాలు నేర్పింది. కన్నతల్లి మాట్లాడిన భాషలో మాత్రం తన పేరు తాను చదువుకోలేదు. ఆ మాట నలుగురిలో అన్నందుకు ఏడుపొచ్చింది. అది నిజమైనందుకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

"బస్ ఝాలం, ఇగ సాలు," అని లేచింది. "మూడు నెల్లు ఆగున్రి. నీల గట్ల లొంగదు. కాకే మార్చిండు. మీ అందరి ముంగట సదివి సూపిస్త. తప్పయితే మళ్ల గీ గడప తొక్క."

అన్నమాట నిలబెట్టుకోవడానికి ఆమె పడని పాట్లు లేవు. ఒకటో తరగతి వాచకం తెప్పించుకుంది. బస్సులో ఫోన్ పట్టుకుని అక్షరాలు దిద్దింది. మరాఠీ అక్షరానికి పక్కన తెలుగు అక్షరం రాసుకుంది. గుణింతాలు లొంగాయి, వత్తులు లొంగలేదు. నలభై ఏళ్ల వయసులో 'క్ష' దగ్గర ఆగిపోయి పుస్తకం గోడకేసి కొట్టింది. మళ్లీ తనే వెళ్లి తెచ్చుకుంది.

అక్కడ హనుమంతు కొత్త పుస్తకం మొదలుపెట్టాడు. వినేవాళ్లు మునుపటిలా లేరు. ప్రతి పేజీకీ ఎవరో ఒకరు "గట్లనే ఉన్నదా సాబ్?" అని అడగడం, ఆయన పళ్లు కొరుక్కోవడం.

మూడు నెలలు నిండిన ఆదివారం విద్య వచ్చింది. హనుమంతు నవల ఆమె చేతికిచ్చాడు.

"చదువు బిడ్డా. నేర్సుకున్నవంటే నాకూ సంతోషమే."

విద్య చివరి పేజీ తెరిచింది. అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుని, మొదటి పేరా పూర్తిచేసేసరికి చెమట్లు పట్టాయి. ప్రేమలత ఊపిరి బిగబట్టి వింటోంది. విద్య ఆగి, మంచినీళ్లు తాగింది. మిగతాది లోలోపల ఒకసారి చదువుకుంది. తలెత్తి అందరి మొహాలూ చూసింది.

తర్వాత గడగడా చదివేసింది.

"నీల మోకాళ్ల మీద కూర్చోలేదు. సభ మధ్యలో నిలబడి తలుపు వైపు చెయ్యి చూపించింది. గాలి ఎవడబ్బ సొత్తూ కాదు, నాతో వచ్చేవాళ్లు రండి అంది. వీధులకు వీధులు ఆమె వెనక మెట్లెక్కాయి. సమాప్తం."

మల్లేశం తొడ చరిచాడు. ప్రేమలత కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేను జెప్పలే!" అంది.

"గట్ల లేదు," హనుమంతు చెయ్యి చాచాడు. "ఇటియ్యి. నేను సూపిస్త."

మల్లేశం అడ్డంగా చెయ్యి పెట్టాడు. సర్దారుకు అతడు ఎదురు తిరగడం అదే మొదటిసారి. "ఇన్నొద్దులు మీ చేతులనే ఉండె గద సాబ్. మీరు సదివిందే నమ్మినం. ఇంక సాలు."

హనుమంతు విద్య వైపు చూశాడు. విద్య పుస్తకంలోంచి తలెత్తలేదు. ఆయన కళ్లద్దాలు జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు.

ప్రేమలత ఆయన కుర్చీ ముందుకు జరిపింది. "ఇంకనుంచి నువ్వే సదువాలె విద్యా. నీ మీద మాకు నమ్మకం."

విద్య కూర్చుని, నవల తన సంచిలో పెట్టి జిప్ వేసింది.

చివరి పేజీలో ఉన్నది, అక్షరం పొల్లుపోకుండా, హనుమంతు చదివిందే.