నాలుగో కలాసీ

ఇప్పుడు పడవలు గొంతు వింటేగాని కదలవు. ఎక్కిన కలాసీలంతా తమ సరంగు పేరు, అంటే పడవ నడిపే మనిషి పేరు, చెబితేనే ఇంజను మోగుతుంది. బోటు యజమానుల సంఘమూ మా ఎండుచేపల ఆడవాళ్ల సంఘమూ చేయి కలిపి రాసుకున్న ఒప్పందం ప్రకారం, ఈ ఏటి నుంచి సగం పడవలకు ఆడవాళ్లే సరంగులు.

మొదటి పడవ నూకరత్నానిది. ముగ్గురు కలాసీలు ఆమె పేరు చెప్పేశారు. నాలుగోవాడు ఆమె మొగుడు పోలిరాజు.

"సరంగు పేరు?" అంది పడవ.

"మా ఇంటిది."

"పేరు చెప్పండి."

"మా సిన్నోడి తల్లి."

"పేరు చెప్పండి."

పెళ్లాన్ని పేరు పెట్టి పిలిస్తే పరువు పోతుందని మా రేవు మగవాళ్ల నమ్మకం. పోలిరాజు ఇరవై ఏళ్లుగా "ఒలే" తప్ప ఇంకో పిలుపు ఎరగడు. ఒప్పందం రాసేటప్పుడు ఈ సంగతి ఏ సంఘానికీ తట్టలేదు. ఇంకో రెండు నిమిషాలు ఆగితే బయల్దేరే వంతు వెనక పడవకు పోతుంది. గట్టు మీద మా కంటే యజమానుల సంఘం పెద్దకే ఎక్కువ చెమటలు పట్టాయి.

"నాను పేరు అందించను. నీ నోటితోనే రావాల," అంది నూకరత్నం, చుక్కాని వదలకుండా.

పోలిరాజు గొంతు సవరించుకున్నాడు. "మైలపల్లి నూకరత్నం."

ఇంజను మోగింది. పడవ ఇంకేమీ అడగలేదు. అయినా అతను గట్టు వైపు తిరిగి, రేవంతా వినపడేలా, ఆ పేరే మళ్లీ అరిచాడు.