కొట్టేసిన చెట్టు పూత

"ఎవరది? గడప దాటావంటే కాళ్లు విరగ్గొడతా!"

యువేచిన్ కేకకు, పాక తలుపు తోయబోయిన ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లోపల ఓక్ దుంగల మీద తెల్లచెవులు విచ్చుకుంటున్నాయి. నానిన మల్లెపూల ముద్దలా మెత్తగా, జిగురుగా ఉండే పుట్టగొడుగులవి. విచ్చుకునే మూడు రోజులూ పరాయి కాలు పడితే ముడుచుకుపోతాయని చైనాలోని ఈ తోంగ్‌చ్యాంగ్ కొండల్లో అందరి నమ్మకం. నమ్మకం అన్నాక కారణం ఎవరడుగుతారు!

"ఒక్కసారి చూసి వెళ్లిపోతానమ్మాయ్."

"చూడ్డానికి దిరిసెన చెట్టుందిగా! జనమంతా దానికోసమేగా కొండెక్కి వస్తున్నారు?"

వాకిట్లో దిరిసెన గులాబీ రంగు కుచ్చులతో నిండుగా ఉంది. దాని కింద పట్నం వాళ్లు ఫోటోలు దిగుతున్నారు. ముసలాయన అటు తిరిగి కూడా చూడలేదు.

"దానికేం, బతికున్న చెట్టు. ఏటా పూస్తుంది. కొట్టేసిన చెట్టు ఏం పూసిందో చూద్దామని."

"చచ్చిన దుంగలో ఏముంటుంది చూడ్డానికి? కిందటేడు నీలాంటి పెద్దమనిషే వచ్చి రెండు బుట్టలు ఎత్తుకుపోయాడు."

"తలుపు సందులోంచైనా..."

"పెద్దాయనా, ఆకలైతే చెప్పు, గిన్నెడు జావ పోస్తా. దొంగచూపులు మాత్రం వద్దు."

ఫోటోలు దిగేవాళ్లు నవ్వారు. ముసలాయన మెల్లిగా కొండ దిగిపోయాడు.

యువేచిన్ భయమంతా పంట గురించే. పై వాలులోని ఓక్ చెట్లు కొట్టుకోమని ఎవరో ఆసామి ఏటా గ్రామపెద్ద గౌ చేత చీటీ పంపుతాడు. ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఈ ఏడు చీటీ రాలేదు. చెట్లు దక్కకపోతే పాక మూసుకోవాలి, ఇద్దరు పిల్లలతో ఆమెకు వేరే ఆధారం లేదు.

సాయంత్రం గౌ రొప్పుతూ వచ్చాడు.

"చీటీ వచ్చిందే పిల్లా! మిగిలిన చెట్లన్నీ నీకే ఇచ్చేశాడు."

యువేచిన్‌కు ఏడుపొచ్చింది.

"చల్లగుండాలి మారాజు! బదులేం కావాలంట మావా?"

"ఏం వద్దంట. పెళ్లైన ఏడు మొగుడూ పెళ్లాం కలిసి నాటుకున్న చెట్లంట అవి. ఆవిడ పోయింది. కొట్టేశాక అవి ఏమయ్యాయో కళ్లారా చూసుకుంటే చాలన్నాడు."

"అంతేనా! ఎల్లుండికి మూడు రోజులూ అయిపోతాయి. నేనే కాళ్లు కడిగి లోపలికి తీసుకెళ్తా. ఎప్పుడొస్తాడు?"

గౌ తెల్లబోయాడు.

"ఎప్పుడొస్తాడేంటే, పొద్దున నీ పాకకు దారి చూపించి పంపింది నేనేగా! మధ్యాహ్నం బస్సెక్కే ముందు చీటీ మీద సంతకం పెట్టి, నువ్వు అన్నీ దగ్గరుండి చూపించావని చెప్పి మరీ వెళ్లాడు."