ముద్దాయి తరఫు సాక్షి

“ముద్దాయి తరఫున సాక్షులెవరైనా ఉన్నారా?” అని జడ్జి వేషంలో ఉన్న లెక్చరర్ అడిగారు.

క్రిమినల్ జస్టిస్ డిగ్రీ చదివే పిల్లలు తమ చిన్న యూనివర్సిటీ హాల్లో వేసుకున్న ఉత్తుత్తి కోర్టు అది. రాత్రిపూట జరిగిన హత్య కేసు. బోనులో ఉన్నది క్లాస్‌మేటే. అతని లాయరు భార్గవి, సాక్షులు లేరని చెప్పబోతుండగా, వెనక వరసలోంచి ఆమె తల్లి కోటమ్మ లేచింది.

“నేనున్నానయ్యా. ఆ రాత్రి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నేనే అన్నం పెట్టాను.”

హాలంతా నవ్వింది.

“ఇది నిజం కోర్టు కాదమ్మా,” అన్నారు లెక్చరర్, నవ్వాపుకుంటూ.

“తెలుసు బాబూ. నిజం కోర్టులో నన్నెవరూ అడగలేదు.”



భార్గవి తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సాక్షుల బోనులో నిలబెట్టింది. ఏం చేయాలో తోచక, క్లాసులో నేర్పిన వరసలోనే మొదలుపెట్టింది.

“మీ పేరు?”

“కోటమ్మ.”

“ఊరు?”

“అప్పుడు హంసలదీవి. ఇప్పుడు బందరు.”

“ముద్దాయి మీకేమవుతారు?”

కోటమ్మ కూతురి నల్లకోటు భుజం మీద చెయ్యి వేసింది.

“మీ నాన్న, తల్లీ. వేటకెళ్లి పోయాడని నీకు చెప్పాను. పోయింది సముద్రంలో కాదు, జైల్లో.”