గోడ అవతలి శ్రోత

తొమ్మిదోసారి నవల వెనక్కొచ్చిన రోజే పక్కింట్లోకి కుట్టుమిషను దిగింది.

"దారి కంఠతా వచ్చేసినట్టుంది. ఎవరూ దింపకుండానే ఇంటికొచ్చేస్తోంది," అంది భార్య, పార్సిలు అందిస్తూ.

లెక్కల మాస్టారికి ఒళ్ళు మండింది. బళ్ళో పిల్లల లెక్క ఎక్కడ తప్పిందో ఆయన చూపిస్తాడు. ఆయన నవల ఎక్కడ తప్పిందో చూపించే నాథుడు లేడు. ప్రచురణకర్తలందరిదీ ఒకటే ముక్క, బాగుంది కానీ పట్టు లేదని.

ఇంకొక్కసారి తిరగరాస్తానని, అప్పటికీ కాకపోతే కాగితాలు అటకెక్కిస్తానని భార్యకి మాటిచ్చాడు. సాయంత్రం బడి నుంచి రాగానే తలుపేసుకుని, మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు.

గోడ అవతల మిషను టకటకలాడింది.

"ఈ గోలలో రాసినట్టే," అని గొణుక్కుని గొంతు పెంచాడు.

నాలుగో అధ్యాయంలో తల్లి కొడుకుని నిలదీసే చోట మిషను ఆగిపోయింది. తోట వర్ణన రాగానే మళ్ళీ టకటక.

మర్నాడూ అదే చోట ఆగింది.

"వింటోందే పక్కింటావిడ," అన్నాడు భార్యతో. "బాగున్నచోట చెయ్యి ఆపేస్తోంది."

"ఒక్కరైనా దొరికారు. వెళ్ళి పలకరించి రండి."

"అచ్చయ్యాక, పుస్తకం చేతికిచ్చి పలకరిస్తా."

ఆ ఇంటి గుమ్మం వెనక వీధిలో ఉంది. కుట్టుపని చేసుకునే ఒంటరి మనిషని తప్ప ఆయనకేమీ తెలియదు.

అప్పట్నుంచి మిషను ఆగని పేజీకి దయాదాక్షిణ్యాలు లేవు. ముచ్చటపడి రాసుకున్న సూర్యాస్తమయాలు పోయాయి. ఉపన్యాసాలు పోయాయి. ఏడు నెలల్లో ఒక్కో పేజీ ఐదారుసార్లు తిరగరాశాడు. చివరికొచ్చేసరికి మిషను నడిచే సేపుకన్నా ఆగే సేపే ఎక్కువైంది.

పదో ప్రచురణకర్త రెండే ముక్కలు రాశాడు. "కింద పెట్టలేకపోయాను. వేస్తున్నాం."

అచ్చు ప్రూఫులు కూడా మాస్టారు ఆ గోడ పక్కనే కూర్చుని పైకి చదివి దిద్దాడు. తొలి ప్రతి మీద 'గోడ అవతలి అక్కగారికి' అని రాసి, మాస్టారు వెనక వీధికి దాదాపు పరిగెత్తాడు.

గుమ్మం ముందు ఒకతను కుట్టుమిషను బండికెక్కిస్తున్నాడు.

"అమ్మగారు లేరా బాబూ?"

"మా అక్క నిన్ననే వెళ్ళిపోయిందండీ. సామాను కోసం నేనొచ్చాను. మీరు?"

"పక్కింటి మాస్టార్ని. ఈ పుస్తకం ఆవిడకివ్వాలి. నా నవల మొత్తం విన్నది ఆవిడొక్కరే."

అతను పుస్తకం అందుకోలేదు.

"మా అక్కకి పుట్టుచెవుడండీ."



"కాదు బాబూ. బాగున్నచోటల్లా మిషను ఆపేవారు. నేను గుర్తులు పెట్టుకుని మరీ..."

"మిషను ఈ గోడకే ఆనించి ఉండేదండీ. మీరు అటునుంచి గోడ చరిచేవారట కదా."

మాస్టారు తన కుడి అరచెయ్యి చూసుకున్నాడు. ఊపొస్తే పక్కన ఏముంటే అది చరచడం ఆయన అలవాటు. బళ్ళో నల్లబల్లకీ తప్పదు.

"మీరు చరిచినప్పుడల్లా ఇటు అదిరేదట," అన్నాడతను, నిష్ఠూరమేమీ లేకుండా. "మిషను మోతకి పక్కింటాయన కోప్పడుతున్నారనుకుని ఆపేసేది. ఈమధ్య మీ కోపం మరీ ఎక్కువైందని, మీకెందుకు ఇబ్బందని, ఇల్లే ఖాళీ చేసేసిందండీ."