వెల్లో అనగా పీకుట

అబ్రహాము మాస్టారు దానం చెవి పక్క వెంట్రుకలు పట్టుకుని పైకి గుంజారు. పంతొమ్మిదేళ్ళ దానం మునివేళ్ళ మీదికి లేచిపోయాడు.

"వెల్లో అంటే?"

"పీకుటండి."

"ఏం పీకుట?"

"వెంట్రుకలండి."

"ఇంకా?"

మాస్టారు పట్టు బిగించి ఒక్క లాగు లాగారు. కుచ్చు ఊడి చేతిలోకొచ్చింది. కోడి ఈకలు పీకినా, గొర్రె బొచ్చు పీకినా, పాతిన గుంజ పీకినా లాటిన్ వాళ్ళకి అదే మాట అని ఆయన తీరిగ్గా చెప్పారు. ఇక ఈ జన్మలో మరిచిపోవన్నారు. అది మాత్రం నిజమే.

మాస్టారు కూడా ఒకప్పుడు ఫాదరవుదామని సెమినరీకి వెళ్ళి, సగంలో తిరిగొచ్చిన మనిషి. రాజోలు చుట్టుపక్కల లాటిన్ చెప్పగలిగింది ఆయనొక్కరే. కిరసనాయిలు రేషను కాబట్టి ఆ సాయంత్రం పొద్దుండగానే ఫాదర్ గారు గుళ్ళో దానానికి పరీక్ష పెడతానన్నారు. నెగ్గితే సెమినరీ. లేకపోతే తల్లి సువార్తమ్మతో పాటు జీవితమంతా కొబ్బరి పీచు పీక్కోవడమే.

ఆ సువార్తమ్మ గుమ్మం బయట అరుగు మీద కూర్చుని అంతా చూస్తోంది. కొడుకుని అప్పజెప్పిన రోజున, మన వైపు తల్లులంతా అనే మాటే ఆమె కూడా అంది. "కళ్ళు రెండూ వదిలెయ్యండి మాస్టారూ. మిగతా ఒళ్ళంతా మీ ఇష్టమండి."

మాస్టారు ఆ మాటని వేదవాక్కులా పట్టుకున్నారు. ఇంకో ప్రశ్నకి రెండో చెంప బోసిపోయింది. ఆ పైదానికి మెడ వెనక నెత్తురు చిమ్మింది. అయినా సువార్తమ్మ ఇచ్చిన మాట ఇచ్చిందే. పైగా మాస్టారిని ఒక్క మాటన్నా కొడుకు చదువు అక్కడితో సరి. చెప్పు నాయనా, చెప్పెయ్యి అని బతిమాలుకుంది తప్ప కదల్లేదు.

మళ్ళీ ప్రశ్న. దానం తప్పు చెప్పాడు. మాస్టారు వాడి తలని గోడకేసి అదిమారు. ఈసారి రెండు వేళ్ళతో కంటిరెప్ప వెంట్రుకలు పట్టుకుని లాగేశారు. దానం కెవ్వున అరిచి, కన్ను పట్టుకుని కింద కూలబడ్డాడు.

సువార్తమ్మ లేచింది. లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

ఆ తర్వాత వినిపించిన అరుపులకి వీధంతా ఉలిక్కిపడింది. కుర్రాడికి చదువు బాగా ఎక్కుతోందని పక్కింటి కృపమ్మ సంబరపడింది. అరుపులు ఎంతకీ ఆగకపోయేసరికి ఫాదర్ గారే గుళ్ళోంచి పరుగెత్తుకొచ్చి తలుపు బాదారు.

గడియ తీసింది దానం. మూలన మాస్టారు ముడుచుకుని కూర్చున్నారు. మీసం సగం లేదు. కనుబొమల చోట నెత్తుటి చారలున్నాయి. నడినెత్తి పీచు ఒలిచిన కొబ్బరికాయలా ఉంది.

ఫాదర్ గారు, గురువు మీద చెయ్యి చేసుకున్న ఇంటి నుంచి సెమినరీకి ఎవర్నీ పంపనని తేల్చి చెప్పేశారు. ఆనక సువార్తమ్మ వైపు తిరిగారు.

"ఇదంతా నువ్వే చేశావా?"

సువార్తమ్మ వేళ్ళకంటుకున్న వెంట్రుకలు చీరకొంగుకి తుడుచుకుంది.

"ఆయ్. కళ్ళు మాత్రం వదిలేసేనండి."